అడగకుండా కొరికిన కొమ్మ

ఒకప్పుడు మనుషుల జుట్టు నెరిసేదిగానీ, గుర్తున్నది ఒక్కటీ చెరిగేది కాదు. నూరేళ్ళ ముసలమ్మ కూడా తన పెళ్ళిలో ఏ బూరె మాడిందో చెప్పేసేది.

ఎందుకంటే ప్రతి తలలోనూ జ్ఞాపకాలే కొమ్మలుగా ఒక తీగల తోట, ఆ తోటకో కాపరి ఉండేవి. గవరమ్మ అనే ఒకావిడ తలలో కాపరి పేరు పోలి. పోలికి ఒళ్ళంతా చేతులే. పురుగు వస్తే మింగేది, రాలిన ఆకులు తినేది, ఎండు కొమ్మల్ని కొరికేసేది.

కొరికేముందు మాత్రం కొమ్మ మీద చెయ్యి వేసి, "ఉంటావా, పోతావా?" అని అడగాలి. అది కాపరుల కట్టుబాటు. బతికున్న కొమ్మ చెయ్యి కింద టకటకా కొట్టుకునేది. కొట్టుకుంటే వదిలెయ్యాలి.

గవరమ్మకి డెబ్బై దాటేసరికి తోటలో జిగురు ముద్దలు పేరుకోవడం మొదలైంది. పోలి మింగింది. అరగలేదు. మళ్ళీ మింగింది. పొట్ట ఉబ్బింది, ఒళ్ళు కాలిపోయింది, చేతులు ఒక్కొక్కటే ముడుచుకుపోయాయి.

"కాసేపు కూర్చో పోలీ," అంది కిందనుంచి గుండె.

"నువ్వెప్పుడైనా కూర్చున్నావా, నాకు చెప్పడానికి?" అని కసిరింది పోలి. పాపం, దానికి పని తప్ప ఇంకేం తెలియదు.

ఆ మంటలో, ఆ తొందరలో, జిగురంటిన ఒక కొమ్మని ఎండినదనుకుని అడగకుండానే కొరికేసింది.

తెగిపడ్డ కొమ్మ ఇంకా కొట్టుకుంటోంది. "నన్ను అడగలేదేం అక్కా?" అంది.

అప్పుడే బయట గవరమ్మ కూతురు నూకరత్నం గంజి తెచ్చింది. గవరమ్మ ఎగాదిగా చూసింది.

"ఎవురి పిల్లవమ్మా నువ్వు? మీయమ్మ నీకోసం సూస్తుంటాది, ఇంటికెల్లిపో."

"నానేనే అమ్మా, నీ రత్నాన్ని," అంది నూకరత్నం. గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు లోపల పోలికి వినబడింది. మిగిలిన రెండు చేతులతో కొమ్మని ఎత్తి అతికించబోయింది. అతకలేదు. కొట్టుకోవడం నెమ్మదించి ఆగిపోయింది.

ఇక ఏదీ ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది పోలి. మానేస్తే చెత్త తోటని చంపుతుంది, చేస్తే తానే చంపుతుంది. ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు లేరు. మళ్ళీ ముద్ద పడింది. పోలి మళ్ళీ లేచింది. దాని ఒంట్లో మంట తలనుంచి తలకి పాకి, మరెందరో కాపరులకి అంటుకుంది.

అప్పటినుంచే ముసలితనంలో కొందరు, కన్నబిడ్డ చేతి గంజి తాగుతూనే "ఎవరి పిల్లవమ్మా నువ్వు?" అని అడుగుతారు. జవాబు చెప్పాక, కాసేపటికి మళ్ళీ అడుగుతారు.