తవిటమ్మకి పరిచిన తుంగ

అనగనగా, అవ్వలకి కూడా వాళ్ళ అవ్వలే చెప్పిన కాలం. ఒక ఊరి పక్కన ఆవ ఉండేది. ఆవంటే పెద్ద నీటిమడుగు. నడుంలోతు నీళ్ళు, కనుచూపు మేరా తుంగ. ఆ ఒడ్డున తవిటమ్మని ఒక మనిషి. తుంగ కోసేది, ఎండబెట్టేది, చాపలల్లేది. సంతలో తనకి నచ్చిన ధరకి అమ్మేది. లేనివాళ్ళకి ఊరికే ఇచ్చేది.

ఆ ఊళ్ళో ఒక మర్యాద ఉండేది. వానలు వెలిశాక అల్లిన మొదటి చాపని, ఎర్రంచు పెట్టి, కోటలో దొరకి ఇచ్చేవాళ్ళు. ఎవరూ అడగలేదు. మంచి దొర అని ప్రేమకొద్దీ ఇచ్చేవాళ్ళు. ఆ దొర పోయి కొడుకు దొరయ్యాడు. చాప చూసి, "ఇది మీరిచ్చేదా, మేం తీసుకునేదా?" అన్నాడు. ఎదురు చెబితే బాగోదని ఊరివాళ్ళు, "తమరిదే బాబూ" అన్నారు. పాపం, మర్యాదకి అన్న మాట! మరుసటేడు రెండో చాపా తనదే అన్నాడు. ఆ పై ఏడాది అన్నీ తనవే అన్నాడు. కోటకి తప్ప ఎవరికీ అల్లకూడదు, ఎవరికీ అమ్మకూడదు, ఎవరికీ ఊరికే ఇవ్వకూడదని దండోరా వేయించాడు.

పక్కింట్లో సింహాలు అనే ఆమెకి పురిటినొప్పులొచ్చాయి. కటికనేల మీద ఎలా కంటుంది? తవిటమ్మ చాప అల్లింది. కోట బంటు వచ్చాడు.

"ఎవుల్నడిగి అల్లినావే?"

"నా సేతుల్నడిగి అల్లినాను బాబూ."

"కోటనడగాలని తెల్దేటి?"

"బిడ్డ కోటనడిగి పుడతాదేటి బాబూ?"

బంటుకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆమె కొడవలి పట్టుకుపోయాడు.

వానలు పట్టాయి. చూపులేని ముసలి గౌరయ్య తడినేల మీద పడి దగ్గుతున్నాడు. తవిటమ్మ తుంగ చేత్తో పీకి చాప అల్లింది. బంటు వచ్చాడు.

"ఎవుల్నడిగి అల్లినావే?"

"నా సేతుల్నడిగి అల్లినాను బాబూ."

ఆమె చాపలల్లే మగ్గం విరిచేసి పోయాడు.

ఎవరో దారిన పోయే దిక్కులేని మనిషి ఊరి మొగలో, ఊళ్ళోకొచ్చే దారి మొదట్లో, చచ్చిపోయాడు. చాపలో చుట్టకుండా ఎలా పంపుతారు? తవిటమ్మ నేల మీద కూర్చుని, కాలివేళ్ళతో కాడలు తొక్కిపట్టి అల్లింది. బంటు వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"ఎవుల్నడిగి అల్లినావే?"

"నా సేతుల్నడిగి అల్లినాను బాబూ."

కోటకి తీసుకుపోయారు. దొర మెత్తగానే మాట్లాడాడు. "ఒక్కసారి నన్నడుగు. సెలవిస్తాను. ఎన్నయినా అల్లుకో."

ఎంత సులువు చూడండి! అడిగితే ఇంటికెళ్ళిపోవచ్చు.

తవిటమ్మ తల అడ్డంగా ఊపింది. "ఒకపాలి మర్యాదకి తమరిదే అన్నాం బాబూ. అదే ఇంతయింది. ఇయ్యేల నానడిగితే, రేపు మా పిల్లలంతా అడగాల."

చెమ్మకొట్లో పడేశారు. జ్వరమొచ్చింది. రోజూ బంటే వచ్చి తలుపు దగ్గర నిలబడి, "అడిగియ్యే, తల్లీ" అని బతిమాలాడు. ఆమె అడగలేదు. అలాగే పోయింది.

కోటవాళ్ళు ఆమెని తెచ్చి ఊరి మొగలో వట్టినేల మీద దింపి వెళ్ళారు. అందరికీ చాపలిచ్చిన మనిషికి కింద చాప లేదు. అల్లడానికి అందరికీ భయం. ఏడవడానికీ భయమే.

అప్పుడు సింహాలు, చంకలో బిడ్డతో, ఆవలో దిగి ఒక్క తుంగకాడ తెంపుకొచ్చింది. తవిటమ్మ పక్కన పరిచింది.

బంటు వచ్చాడు. అడగాలి కదా, అడిగాడు. "సాపల్లతన్నావేటి?"

"నేదు బాబూ. ఒక్క కాడ."

"ఎవులిది?"

"నాది."

గౌరయ్య తడుముకుంటూ ఒక కాడ తెచ్చాడు. నాదన్నాడు. ఆ తరువాత ఊరంతా వచ్చింది. పొద్దు వాలేసరికి పక్కనా పైనా పరిచిన పచ్చి తుంగలో తవిటమ్మ కనబడలేదు.

దొర మనసు మారిందా అంటే, ఏమో, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కోట మాత్రం ఇప్పుడు లేదు.

ఇప్పటికీ ఆ ఒడ్డున ఎవరైనా చనిపోతే, ఎంత ఉన్నవాళ్ళయినా సరే, మనిషికొక కాడ తెచ్చి పరుస్తారు. "ఎవులిది?" అని ఒకరు అడుగుతారు. "నాది" అంటారు. చంటిబిడ్డల చేతికీ ఒక కాడ ఇస్తారు. తల్లి మాత్రం బిడ్డ బదులు "నాది" అనదు. ఆ నోట ఏదో ఒక చప్పుడు వచ్చేదాకా ఊరంతా నిలబడుతుంది.