గోతాంలో గొంతు

దీన్ని నమ్మలేమనుకునేవాళ్ళు ఇప్పుడే లేచి చెప్పులేసుకోవచ్చు. కూర్చున్నవాళ్ళు మాత్రం మధ్యలో "అబద్ధం" అనకూడదు.

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో జిలానీ సాయిబుకు కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉండేది. ఆయన చెవి ఆనిస్తే చాలు, చెడిపోయిన మిషను తన రోగం తానే చెప్పుకునేది. ఒకసారి ఆయన గట్టిగా దగ్గితే, వీధి చివర ఆఫీసులో నెలల తరబడి మొరాయించిన కంప్యూటరు దిగ్గున లేచి పని మొదలుపెట్టింది.

అంతటి ఉస్తాదుకు శిష్యుడు పెంచలయ్య. వాడేం తక్కువా? ఒక చేత్తో మసాలా వడ తింటూ, రెండో చేత్తో కంప్యూటరు డబ్బా మొత్తం విప్పి, వడ అయిపోయేలోపు మళ్ళీ బిగించేవాడు. అదీ కళ్ళు మూసుకుని.

ఆ చేతివేగమే వాడి తలకెక్కింది.

అవి సీడీల కాలం వెళ్ళిపోతున్న రోజులు. అంతకుముందు ప్రతి డబ్బాకూ ముందువైపు ఒక డ్రైవు ఉండేది. మీట నొక్కితే నాలుక చాపినట్టు పళ్ళెం బయటికొచ్చేది. సీడీ పెడితే మింగి, పాటో సినిమానో వినిపించేది. కొత్త డబ్బాలకు ఆ చోటే లేదు. ముఖమంతా నున్నగా పలకలా ఉండేది.

పాత డబ్బా మార్చుకోవడానికి ఎవరొచ్చినా పెంచలయ్య ఆ డ్రైవు ఊడబీకి గోతాంలోకి విసిరేవాడు. "ఇదింక ఎందుకు? దీని కాలం అయిపోయింది," అనేవాడు. కొట్టులో ఉన్న కంప్యూటర్లవి కూడా పీకేశాడు. సాయిబు చూశాడు.

గోతాం నిండింది. దాన్ని తీసుకుపోవడానికి పాత ఇనుము ఏడుకొండలు బండి తోసుకొచ్చి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే రంగనాయకులపేట సుబ్బరత్నమ్మ ఎండలో నడుచుకుంటూ వచ్చింది. ఆమె డబ్బా మార్చి ఎన్నాళ్ళో కాలేదు.

"అబ్బయ్యా, నా పాత డబ్బాలో సీడీ ఉండిపోయింది. ఇస్తావా?"

"నీ దాంట్లో ఏం లేదమ్మా."

"ఉండాది. మా ఆయన గొంతు అందులోనే ఉండాది. ఆయన పోయినాక రోజూ పెట్టుకుని వింటా ఉన్యా. అందుకే బయటికే తియ్యలా."

పెంచలయ్య పక్క టీకొట్టు జనం వైపు చూసి కన్నుగీటాడు. "ఏం పాడినాడు మీ ఆయన?"

"పాటా పద్యమా! చేపలామెతో తగువు. మా తమ్ముడు కొత్త కెమెరా కొన్నప్పుడు తీసినాడు."

టీ తాగేవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వు పెంచలయ్యకు గాలి కొట్టింది.

"పాత తగువు కోసం కొత్త తగువు పెట్టుకోబాకమ్మా. ఇంటికి పోయి పోపులపెట్టెలో వెతుక్కో. పెంచలయ్య ప్రతి డ్రైవూ తెరిచి చూసినాకే తీస్తాడు. ఆ గోతాంలో ఒక్క సీడీ ఉన్నా ఈ మీసం గొరిగించుకుంటా!"

మెలేశాడు కూడా. ఆ మీసం మీద నిమ్మకాయ కాదు, గుమ్మడికాయ నిలబెట్టొచ్చు.

అనేశాక గుర్తొచ్చింది. వాడు ఎప్పుడూ ఏ డ్రైవూ తెరిచి చూడలేదు. తెరవాలంటే కరెంటు పెట్టాలి, ఆగాలి. అంత ఓపిక ఎవరికి? కానీ మాట నలుగురిలో పడిపోయింది.

సుబ్బరత్నమ్మ వెళ్ళలేదు. కొట్టు మెట్టు మీద కూర్చుంది.

సాయిబు చేతిలో పని పక్కన పెట్టాడు.

"బేటా, గుండుసూది ఉందా?"

పెంచలయ్య ఇచ్చాడు. సాయిబు గోతాంలోంచి ఒక డ్రైవు తీశాడు. దాని ముఖం మీద పుట్టుమచ్చంత చిల్లు. అందులోకి సూది గుచ్చాడు. టక్. కరెంటు లేకుండానే పళ్ళెం కాస్త బయటికొచ్చింది. గోటితో లాగాడు. ఖాళీ.

పెంచలయ్య ఊపిరి వదిలాడు.

సాయిబు సూదిని వాడి చేతిలో పెట్టి, గోతాన్ని కాలితో వాడివైపు జరిపాడు. అంతే.

పెంచలయ్య గుచ్చాడు. టక్. ఖాళీ. ఇంకోటి గుచ్చాడు. సీడీ. ఒక మూల పసుపు బొట్టు, ఎవరిదో పెళ్ళి. ఇంకోటి. ఆసుపత్రిలో ఇచ్చిన స్కానింగు సీడీ, దాని మీద రోగి పేరు. ఇంకోటి. పిల్లల బొమ్మల సీడీ.

టీకొట్టు దగ్గర నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కళ్ళు మూసుకుని డబ్బాలు విప్పిన చేతికి కళ్ళెదుటి చిల్లు దొరకడం లేదు. ఆ వేళ వాడికి పట్టిన చెమటకు పెన్నలో నీటిమట్టం పెరిగిందంటే పెరిగింది.

టక్.

సీడీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "బావ, చేపలు."

"ఇదేనామ్మా?" అన్నాడు.

సుబ్బరత్నమ్మ తలూపింది. పెంచలయ్య సూది కింద పెట్టబోయాడు.

"గోతాం ఖాళీ అయిందా?" అన్నాడు సాయిబు.

కాలేదు. మళ్ళీ సూది పట్టాడు. అడుగుకు చేరేదాకా ఎవరూ అక్కడినుంచి కదల్లేదు.

సుబ్బరత్నమ్మ సీడీని పైటతో తుడిచి, "ఒకసారి పెట్టయ్యా, పాడైందేమో," అంది.

పెంచలయ్య కొట్టంతా చూశాడు. అన్నీ నున్నటి ముఖాలే. ఎక్కడ పెట్టాలి?

సాయిబు ఒక కంప్యూటరు మూత విప్పి, తీగలు బయటికి లాగి, గోతాంలోంచి తీసిన డ్రైవొకటి వాటికి తగిలించి, సీడీ పెట్టాడు. తీగలు పొట్టివి. బల్ల దాకా రావు.

"కూర్చో. చేతుల్లో పట్టుకో. కదపబాక."

పెంచలయ్య నేలమీద కూర్చుని రెండు అరచేతులూ పట్టాడు. డ్రైవు చేతికి చిక్కిన పావురంలా వణికింది. కాసేపు గరగర. తర్వాత సందంతా మోగేలా ఒక మగగొంతు:

"మొప్ప ఎత్తకుండానే తాజా చేపంటే ఎట్టమ్మే! ఎత్తు ముందు. ఎత్తి చూపించు. చూడకుండా ఒట్లు పెట్టబాక!"

సుబ్బరత్నమ్మ నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్ళు మాత్రం ఆమె మాట వినలేదు. "ఇట్టానే... ఇట్టానే అరిచేవోడు," అంది ఎవరితోనో.

పెంచలయ్యకు ముఖం దాచుకోవాలనిపించింది. చేతులు రెండూ డ్రైవు కింద ఉన్నాయి. తీస్తే ఆ గొంతు ఆగిపోతుంది.

అంతమంది ఎదుట, ముఖం అలాగే పెట్టుకుని, ఆమె "చాలయ్యా" అనేదాకా కూర్చున్నాడు.

ఆమె వెళ్ళిపోయాక, మిగిలిన సీడీలు ఒక సంచిలో సర్దాడు. ఎవరివి వాళ్ళకు ఇచ్చిరావడానికి మెట్టు దిగి, తల ఎత్తకుండానే అన్నాడు:

"ఉస్తాద్, దారిలో సెలూన్‌కు కూడా పోయొస్తా."

సాయిబు గుండుసూదిని వాడి చొక్కా జేబుకు గుచ్చాడు.

"వద్దు బేటా. మీసం ఉండనీ. రోజూ పొద్దున్నే అద్దంలో కనపడాల."

ఇంకా అనుమానమా? ఆ రోజు గోతాం కోసం వచ్చి, మొత్తం చూసి, ఒట్టి బండి తోసుకుంటూ పోయిన మనిషి నిక్షేపంగా ఉన్నాడు. మూలాపేట వెళ్ళి అడగండి. పేరు పాత ఇనుము ఏడుకొండలు.