బెల్లానికి మెల్లగా చెప్పాలి

అనగనగా, కొండ కింద ఊళ్ళో, గవరయ్య అని ఒక జట్కా బండాయన ఉండేవాడట. ఆయనకి నూకరత్నం అని ఒక కూతురు, బెల్లం అని ఒక గుర్రం. అచ్చం బెల్లం రంగే మరి!

ఊళ్ళోకి ఆటోలొచ్చాయి. అప్పుడు జట్కా ఎక్కేవాళ్ళే లేకపోయారు. ఇటుకల బట్టీ ఆసామి వచ్చి, "గుర్రాన్ని నాకిచ్చెయ్, ఇటుకలు మోయిస్తాను" అన్నాడు. రత్నం ఏడుపు లంకించుకుంది.

"సరేలేవే," అన్నాడు గవరయ్య. "కొండమీది గూడేలకి మందులు తీసుకెళ్ళడానికి ఆసుపత్రి నర్సమ్మకి గుర్రం కావాలట. శనివారంలోగా దీనికి సవారీ నేర్పావా, మనింట్లోనే ఉంటుంది. లేదా, బట్టీకే."

బెల్లం బండి లాగిందే కానీ, వీపు మీద మనిషిని మొయ్యలేదు కదా! రత్నం ఎక్కి పగ్గం గట్టిగా లాగింది. బెల్లం ఆమెను తిన్నగా జట్కాల స్టాండుకి తీసుకెళ్ళి, తన పాత చోట నిలబడిపోయింది. "ఏమ్మా, స్టేషనుకి వస్తావా?" అని అక్కడున్నవాళ్ళంతా ఒకటే నవ్వు.

ఆ తర్వాత రత్నం మడమలతో ఫట్‌ఫట్‌మని పొడిచింది. బెల్లం ఏమనుకుందో తెలుసా బంగారం? బండి బరువెక్కింది కాబోలు అనుకుంది! తల వంచి, మెడ బిగించి, ఇంకా జోరుగా లాక్కుపోయింది. రత్నం వెళ్ళి గడ్డివాములో పడింది.

అప్పుడు, గడ్డి దులుపుకుంటూ చూసింది కదా, బెల్లం పొట్ట మీద ఈగ వాలింది. వాలీ వాలగానే అక్కడ చర్మం జల్లుమని కదిలింది.

"ఓసోస్! ఈగ వాలితేనే తెలిసేదానికి, నా కాలు తగిలితే తెలీదా? మరి నేనెందుకు పొడుస్తున్నాను?"

మళ్ళీ ఎక్కింది. ఈసారి ఈగంత మెల్లగా పిక్క ఆనించింది. బెల్లం చెవి వెనక్కి తిరిగింది. ఆలోచించి ఆలోచించి ఒక అడుగు వేసింది. వేసీ వెయ్యగానే రత్నం కాలు తీసేసింది. అడిగింది చేస్తే ఇంక అడగరని బెల్లానికి అర్థమైపోయింది. ఆ తర్వాత తిరగడమూ అలాగే, ఆగడమూ అలాగే.

శనివారం నర్సమ్మ వచ్చింది. తాడు పట్టుకుని బట్టీ ఆసామీ వచ్చాడు. నర్సమ్మ ఎక్కిందే కానీ, భయంతో రెండు కాళ్ళూ బిగించేసింది. బెల్లం అక్కడక్కడే గిరగిరా తిరుగుతోంది. ఆసామి తాడు విప్పుతున్నాడు.

"నర్సమ్మగారూ, అరవకండి!" అంది రత్నం.

"నేను నోరే ఎత్తలేదు కదే!"

"కాళ్ళతో అరుస్తున్నారండీ. వదిలెయ్యండి. ఊపిరి పీల్చుకుని, కాస్త ఆనించండి, చాలు."

నర్సమ్మ కాళ్ళు వదులు చేసింది. బెల్లం బుస్సుమని ఊపిరి వదిలింది. మెల్లగా ఆనిస్తే, మెల్లగా నడిచింది. ఆసామి తాడు భుజాన వేసుకుని వచ్చిన దారినే పోయాడు.

రత్నానికి మాత్రం ఆ పూట అన్నం మీద ధ్యాస లేదు. కాలు ఆనిస్తేనే వింటోందే, మరి ఊరికే అటు చూస్తే వింటుందా? తెల్లారగానే బెల్లాన్ని ఎక్కింది. పగ్గం మెడ మీద వదిలేసింది. కొండదారి వైపు తల తిప్పి చూసింది. బెల్లం చెవులూ అటే తిరిగాయి...

కథేమో కంచి దారి పట్టె,
కళ్ళకేమో కునుకు పట్టె.