కెజియా చెయ్యి

మెషిన్ మొరాయిస్తే మీరు ముందు ఎవరిని అనుమానిస్తారు? మెషిన్‌నా, దాని ముందు కూర్చున్న ఆడపిల్లనా? తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి. అనుదీప్ మాత్రం ఆలోచించలేదు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే ఓ పాత కాంప్లెక్సులో, మొదటి అంతస్తులో ఉంటుంది గఫార్ సాబ్ షాపు. రేడియోల కాలం నుంచీ ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, టీవీలు పోయి కంప్యూటర్లొచ్చాయి. ఇప్పుడు గేములాడే పిల్లలకి ఎవరి ఆటకి తగ్గ మెషిన్ వాళ్లకి కట్టిస్తున్నారు. కాంప్లెక్సు మొత్తానికీ ఆయన ఉస్తాద్.

అనుదీప్ నాలుగేళ్లుగా ఆయన శిష్యుడు. ఏ ప్రాసెసర్‌కి ఏ గ్రాఫిక్స్ కార్డు జోడీ, ఏ గేములో సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తాయి, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కొనడానికి వచ్చిన పిల్లలు ఉస్తాద్‌ని దాటుకుని వాడి దగ్గరికే వెళ్తారు. ఆ సంగతి వాడికి తెలుసు. తెలుసన్న సంగతి వాడి నడకలో కూడా కనిపిస్తుంది.

ఆ షాపులో ఓ పద్ధతుంది. మెషిన్ కట్టాక దాని మీద ఒక పూర్తి ఆట ఆడాలి. ఆడుతున్నంతసేపూ పెట్టె పక్కరేకు మీద చెయ్యి ఆనించి చూడాలి. అప్పుడు ఆ రేకు లోపలివైపు కట్టినవాళ్లు పెన్సిల్‌తో తమ పేరు రాయాలి. పేరు పడ్డాకే మెషిన్ గడప దాటాలి.

అనుదీప్‌కి ఇదంతా చాదస్తం. రెండు నిమిషాల్లో స్కోరు చూపించే సాఫ్ట్‌వేర్ ఉండగా గంటసేపు ఆట దేనికి? ఉస్తాద్ చూడనప్పుడు ముందే పేరు రాసేసి, తర్వాత స్క్రూలు బిగించేవాడు.

కెజియా మెషిన్ కూడా అలాగే గడప దాటింది.

కెజియా మెట్టుగూడ పిల్ల. డిగ్రీ రెండో ఏడు. వాళ్లమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సు. రెండేళ్లు చిన్నపిల్లలకి లెక్కల ట్యూషన్లు చెప్పి ఆ మెషిన్ కట్టించుకుంది. ఎందుకంటే కాలేజీల పోటీకి వెళ్లే ఓ గేమింగ్ టీములో ఐదో సీటు ఖాళీగా ఉంది. దానికోసం ఇంటి నుంచే మూడు ట్రయల్ ఆటలు ఆడి చూపించాలి. ఆ టీములో అప్పటిదాకా ఆడపిల్ల లేదు.

మెషిన్ తీసుకెళ్లిన వారానికే పెట్టెని ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చింది. అది శుక్రవారం, ఉస్తాద్ జుమ్మా నమాజుకి వెళ్లారు.

"అన్నా, మొదలు మంచిగనే నడుస్తుంది. పది నిమిషాలు దాటినంక బరువెక్కుతుంది. నేను బటన్ నొక్కినంక అది కాల్చేసరికి అవతలోడు నన్ను కాలుస్తుండు."

అనుదీప్ రెండు నిమిషాల పరీక్ష పెట్టాడు. స్కోరు బ్రహ్మాండంగా వచ్చింది. తెరని ఆమె వైపు తిప్పాడు.

"చూడు చెల్లె. మెషిన్ గుర్రం లెక్క ఉంది. చెయ్యే జర స్లో."

షాపులో ఉన్నవాళ్లు నవ్వారు. కెజియా కూడా నవ్వినట్టే పెదాలు కదిపి, పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇరవై రోజుల తర్వాత మళ్లీ అదే పెట్టెతో వచ్చింది. ఈసారి ఉస్తాద్ షాపులోనే ఉన్నారు.

"దీన్ని ఎవరికన్నా అమ్మిపెట్టండి అంకుల్," అంది.

"ఏమైంది బేటీ?"

"ఏం కాలేదు. మెషిన్ మంచిదే. నా చెయ్యే స్లో." అనుదీప్ వైపు చూడకుండానే అంది. "ట్రయల్స్‌లో మూడాటలూ పోయినయ్. సీటు వేరేవాళ్లకి ఇచ్చిండ్రు. నాకు ఇది వేస్ట్."

అనుదీప్‌కి జాలేసింది. ఒప్పుకుంది కదా, ఇంకేం అనకూడదనుకున్నాడు. అది తన మంచితనమని కూడా అనుకున్నాడు.

ఉస్తాద్ పెట్టెని బల్ల మీదికి ఎత్తి, తెర తగిలించి, కుర్చీ లాగారు.

"కూర్చో బేటీ. ఆడు."

"ఇప్పుడెందుకు అంకుల్?"

"నేను చూడలే కదా. ఆడు."

ఆమె కూర్చుంది. ఉస్తాద్ స్టూలు వేసుకుని పక్కన కూర్చుని, రేకు మీద అరచెయ్యి ఆనించారు. ఎనిమిది నిమిషాలు ఆమె చేతికి అడ్డేలేదు. చూస్తున్న అనుదీప్ కూడా ఒకట్రెండుసార్లు తల ముందుకు వంచాడు. పదో నిమిషం దాటాక ఫ్యాను రొద పెట్టింది. బొమ్మ నీళ్లలో నడుస్తున్నట్టు కదిలింది. ఆటలో ఆమె చచ్చిపోయింది.

"చూసిండ్రా," అంది కెజియా నెమ్మదిగా. "గిట్లనే."

ఉస్తాద్ రేకు మీంచి చెయ్యి తీయలేదు. "అనుదీప్, నువ్ కూర్చో."

"నేనెందుకు ఉస్తాద్?"

"నీ చెయ్యి ఫాస్ట్ కదా బేటా."

వాడు కూర్చున్నాడు. వేళ్లు విరుచుకుని మరీ మొదలుపెట్టాడు. ఏడో నిమిషం దాకా బాగానే ఆడాడు. అప్పటికే మెషిన్ వేడి మీదుంది, పదిదాకా ఆగలేదు. వాడు ఎడమకి తిప్పితే బొమ్మ ఆలోచించుకుని తిరిగింది. మూడుసార్లు వరసగా చచ్చాడు. మూడోసారి మౌస్‌ని బల్లకేసి కొట్టి, ఆ వెంటనే కెజియా చూస్తోందని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"విప్పు," అన్నారు ఉస్తాద్.

వాడు పక్కరేకు తీశాడు. లోపలివైపు పెన్సిల్‌తో వాడి పేరు, తేదీ. ప్రాసెసర్ మీద బిగించిన ఫ్యానుని, దాని అడుగునున్న లోహపు దిమ్మెతో సహా ఊడదీసి తిరగేశాడు. దిమ్మె అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర. కొత్త సామానుకి గీతలు పడకుండా అంటించి పంపే పొర అది. బిగించే ముందు తీసేయమని దాని మీద ఎర్రటి అక్షరాలు. ఆ పొర అడ్డుండబట్టే ప్రాసెసర్ వేడి దిమ్మెకి ఎక్కలేదు. కాలిపోకుండా ఉండటానికి పాపం ప్రాసెసరే తన వేగం తగ్గించుకుంటూ వచ్చింది.

వేడి ఎంతో చూపించే అంకె మొదటి రోజు నుంచీ తెర మూలనే ఉంది. అనుదీప్ దాని పక్కనున్న స్కోరు ఒక్కటే చూశాడు.

ఉస్తాద్ పొర ఒలిచి, గుడ్డతో తుడిచి, వేడిని దిమ్మెకి ఎక్కించే కొత్త పేస్టు రాసి, తనే బిగించారు. కెజియాని మళ్లీ కూర్చోబెట్టారు. ఈసారి ఆట చివరిదాకా మెషిన్ ఆమె వేళ్ల వెంటే పరిగెత్తింది. ఆమె గెలిచింది. గెలిచాక లేవలేదు. కుడిచెయ్యి తిప్పి అరచేతిలోకి చూసుకుంది.

"ఆ శుక్రవారం ఈ అన్న అందరి ముంగట స్లో అని చెప్పినప్పటి నుంచి దీన్నే తిట్టుకుంటున్న, ఇరవై రోజులు," అంది.

అనుదీప్ గొంతు సవరించుకున్నాడు. "సారీ చెల్లె. చిన్న మిస్టేక్. అయిపోయింది కదా, ఇప్పుడు ఓకే."

"ఏం ఓకే అన్నా?"

వాడు బల్ల మీదున్న ప్లాస్టిక్ పొరని ఉండచుట్టాడు.

ఉస్తాద్ అడిగారు: "ఆ శుక్రవారం షాపుల ఎవరెవరున్నరు?"

"ఎవరో ఉన్నరు ఉస్తాద్. నాకేం గుర్తుంటది."

"పక్క షాపు కేబుళ్ల మహేందరన్న," అంది కెజియా. "టీ తెచ్చిన యాదమ్మ. హెడ్‌ఫోన్లు బేరమాడుతున్న ఒక సారు, బోయిన్‌పల్లి ఆయన. ఇంకా నిశాంత్."

"నిశాంత్ ఎవరు?"

"మా టీము కెప్టెన్. అంటే, వాళ్ల టీము. మౌస్ కొనుక్కోనీకి వచ్చిండు. ట్రయల్స్ అప్పటికింకా కాలేదు."

అనుదీప్ బల్ల అంచు పట్టుకున్నాడు.

ఉస్తాద్ చెయ్యి చాచి వాడి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసుకున్నారు. సొరుగులో పెట్టి, మూసి, తాళం వేశారు.

"నలుగురికీ చెప్పి రా."

మహేందర్‌కి అసలు గుర్తే లేదు. యాదమ్మ గ్లాసులు కడుగుతూ విని, "అప్పుడే అనుకున్న, ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయ్," అంది. బోయిన్‌పల్లి ఆయన్ని బిల్లు మీది నంబరు వెతికి ఫోన్లో పట్టుకుంటే, ఏం కొనాలో చెప్పకుండా ఇదెందుకు చెప్తున్నావని విసుక్కున్నాడు. కింద అంతస్తులో, గంటల లెక్కన గేములాడుకునే సెంటర్లో నిశాంత్ దొరికాడు. అంతా విన్నాడు. హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచే తీసి విన్నాడు.

అనుదీప్ పైకొచ్చేసరికి కెజియా లేదు. మెషిన్ తీసుకుని వెళ్లిపోయిందట. ఉస్తాద్ ఇంకో పెట్టె విప్పుకుంటున్నారు.

"నలుగురికీ చెప్పిన ఉస్తాద్."

"నిశాంత్ ఏమన్నడు?"

"సీటు ఇంక లేదన్నడు." వాడు ఆగాడు. "అసలు మెషిన్‌ది కాదు బ్రో, ఆ అమ్మాయి చెయ్యే స్లో అన్నడు."

ఉస్తాద్ తలెత్తకుండానే అడిగారు.

"వానికి ఎవరు చెప్పిండ్రట?"

సొరుగు తాళం కోసం వచ్చిన అనుదీప్ తాళం అడగలేదు. మళ్లీ మెట్లు దిగాడు.

ఇక మీ సంగతి. ఇది వింటుండగానే మీకో పేరు గుర్తొచ్చే ఉంటుంది. చేతకాదని మీరు నలుగురిలో తేల్చేసిన పేరు. ఆమెకి ఫోన్ చేసి ఊరుకోకండి. ఆ రోజు మీ మాట విన్న నలుగురూ ఎక్కడున్నారో వెతకండి, వాళ్ల ముందు నిలబడి చెప్పండి. ఒకసారి చెప్తే నమ్మరు. మళ్లీ వెళ్లండి.