ఢమ్మన్న లాగు

అనగనగా, మన సముద్రానికి అవతల, మిరియాలు పండే దీవి ఒకటి. ఆ దీవిలో రెనో అనే పిల్ల. అక్కడివాళ్ల సాముకు సిలాట్ అని పేరు. రెనోకు దాన్ని మేనమామ తన బురద మడిలో దింపి నేర్పాడు. బురద అబద్ధమాడదనీ, పడ్డవాడి ఒంటిమీదే సాక్ష్యం రాసిపెడుతుందనీ ఆయన అనేవాడు.

ఆ మడి మీద రేవు షావుకారు కొడుకు బగిందో కన్ను పడింది. అది మా తాతలదే, అక్కడ మిరియాల కొట్టు కడతానన్నాడు. తగవు రాజుగారి దాకా పోయింది. ఆయనకేమో ఆ మధ్యే కొత్త సరదా పట్టుకుంది. పాత సిలాట్‌కు బల్లల అరుగు కట్టించి, ఎర్రజెండా, నీలిజెండా ఎత్తే పెద్దల్ని కూర్చోబెట్టారు. దెబ్బ తగిలితే ఒక గుర్తు, పడగొడితే మూడు. మూడు పట్లు తలపడండి, గెలిచినవారిదే మడి అనేశారు. మామ తరఫున రెనో అరుగెక్కింది. రాజుల తీర్పులు అంతే మరి!

సిలాట్ లాగులు మహా వదులు. కాలు విసిరితే గుడ్డ బిగిసి, డోలు కొట్టినట్టు ఢమ్మంటుంది.

ముందుగా బగిందో కాలు విసిరాడు. లాగు ఢమ్మంది. కాలు మాత్రం రెనోకు జానెడు దూరంలోనే ఆగిపోయింది. చప్పుడు విన్న పెద్దలు దెబ్బ తగిలిందనుకుని ఎర్రజెండా ఎత్తి అతనికో గుర్తు ఇచ్చారు. బగిందో కిక్కురుమనలేదు.

రెండోసారి రెనో కాలు విసిరింది. ఆమె లాగూ ఢమ్మంది, నీలిజెండా లేచింది. సరికి సరి! మేనమామ ముఖం విప్పారింది. రెనో చేతులు జోడించింది.

"నా కాలు తగల్లేదండీ. మోగింది నా లాగు."

జనం గొల్లుమన్నారు. జెండా దిగింది. నోటిదాకా వచ్చిన కూడు నేలపాలు చేసిందని మేనమామ నెత్తి కొట్టుకున్నాడు. ఆ మడి పోతే మామకు బతుకే లేదని రెనోకూ తెలుసు. అయినా ఇంకో పట్టు ఉందిగా అనుకుంది. రాజుగారు మాత్రం నవ్వకుండా బగిందో లాగు వంక ఓసారి చూశారు.

మూడోసారికి చినుకులు మొదలై అరుగు తడిసింది. గెలుపు తనదేనన్న ధీమాతో బగిందో మీదికి దూకాడు. రెనో పక్కకు తొలగి, బురదలో కాలు ఈడ్చినట్టే మెత్తగా అతని మడమను ఈడ్చింది. దబ్బున పడ్డాడు. పెద్దలు సరిగ్గా అప్పుడే గొడుగులు తెరుచుకుంటున్నారు. తననెవరూ పడెయ్యలేదని, తడికి జారానని బగిందో లేస్తూనే అన్నాడు.

పెద్దలు తామెవరూ చూడలేదన్నారు. రాజుగారు రెనోను అడిగారు.

"నేనే పడేశాను ప్రభూ" అంది రెనో, ఏ తడబాటూ లేకుండా.

సాక్ష్యమేదని బగిందో ఎగిరాడు.

"సాక్ష్యం ఇందాకే చెప్పిందిగా" అన్నారు రాజుగారు. "తగలని దెబ్బను తగల్లేదన్న పిల్ల, పడెయ్యనివాణ్ణి పడేశానంటుందా? నీ లాగూ మోగింది నాయనా. అప్పుడు నువ్వేమన్నావు?"

బగిందో అరుగు దిగిపోయాడు. మూడు గుర్తులూ రెనోవే, మడి మేనమామదే. ఆ సాయంత్రమే మామా మేనకోడలూ మడిలో దిగి, ఒంటినిండా బురద చేసుకున్నారు.

తమది కాని గెలుపును కాదన్నవారు, తమదైన గెలుపును ఔనన్ననాడు వేరే సాక్ష్యం అక్కర్లేదు.