ఎనిమిది అడుగుల గ్రాఫ్

డాక్టర్ పురంధర్‌కు మూడు రోజులుగా అన్నం సహించడం లేదు.

ఎనిమిది అడుగుల గ్రాఫ్ కాగితం ఒకటి చుట్టచుట్టి కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. కాస్త తీరిక దొరికితే చాలు, విప్పి చూస్తాడు. అందులో ఒక బిడ్డ గుండె నాలుగు గంటల పాటు కొట్టుకుంది. నిమిషానికి నూట ముప్పై, నూట నలభై. ఎక్కడా తగ్గలేదు. ఆ గీత ఆగిన రెండు నిమిషాలకు బిడ్డ పుట్టింది. ఏడవలేదు. ఎంతమంది ఎంత పాటుపడినా ఏడవలేదు.

చివరిదాకా చక్కగా ఉన్న బిడ్డ రెండు నిమిషాల్లో ఎలా పోతుంది? ఇదీ అతని సమస్య. జవాబు కూడా అతనే కనిపెట్టేశాడు. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

"మా వైపు లోపమేం లేదమ్మా. మిషన్ చూసినాం కదా, బిడ్డ బాగానే ఉండింది. ఆఖర్లో మీ కోడలు సరిగ్గా ముక్కలేదు" అని ఆ రోజే బిడ్డ నాయనమ్మకు చెప్పాడు.

చెడ్డమాటకు కాళ్లెక్కువ. సాయంత్రానికల్లా అది వార్డంతా తిరిగి, ఫోనెక్కి ఊరు చేరింది. "డాక్టరే చెప్పినాడు. నొప్పికి భయపడి ఒళ్లు దాచుకుండాదంట" అని అత్త వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. కోడలు ఓబులమ్మకు ఇరవై మూడేళ్లు. ఏడవడం లేదు, తిట్టడం లేదు. సూది వేయడానికి వచ్చిన నర్సు కరుణమ్మను మాత్రం ఒక్క మాట అడిగింది.

"నేను ముక్కలేదా సిస్టరూ?"

కరుణమ్మ సూది వేసి వెళ్లిపోయింది. చదువుకున్న డాక్టరు చెప్పాక నర్సు ఏం చెబుతుంది?

ఆ ఆసుపత్రిలో కాన్పు గది రెండో అంతస్తులో ఉంది. అక్కడి మానిటర్లు పోయినేడు పురంధర్ పట్టుబట్టి తెప్పించినవి. ఆరు మంచాల మీద ఆరుగురు తల్లులుంటే, ఆరుగురి కడుపులకూ బెల్టులు కట్టి, ఆరు గుండెలనూ ఒకే తెర మీద చూపిస్తాయి. బాగుంటే ఆకుపచ్చ లైటు, తేడా వస్తే ఎరుపు. పురంధర్ కుర్చీలోంచి లేవకుండా ఆరు కడుపుల సంగతీ చెప్పేవాడు. సోదమ్మకైనా ఎదురుగా మనిషి ఉండాలి, ఇతనికి అదీ అక్కర్లేకపోయింది.

ఒక్క చికాకు ఉండేది. ప్రతి మిషన్‌తో పాటు ఒక చిన్న క్లిప్పు వచ్చింది. తల్లి వేలికి తగిలిస్తే తల్లి నాడిని విడిగా చూపిస్తుంది. నొప్పులు పడే మనిషి చెయ్యి ఊరుకుంటుందా? విదిలిస్తుంది, క్లిప్పు ఊడుతుంది, మిషన్ గోలపెడుతుంది. ఆ పోరు పడలేక పురంధర్ ఆరు క్లిప్పులూ తీయించి డ్రాయర్‌లో పడేయించాడు. "మనకు కావాల్సింది బిడ్డది. అమ్మది కాదు కదా" అన్నాడు. నర్సులకూ ప్రాణం హాయిగా ఉంది.

అతనికి పని నేర్పింది డాక్టర్ ఖమరున్నీసా. అరవై దాటిన మనిషి, అందరూ పెద్ద మేడమ్ అంటారు. ఆమెదొక అలవాటు. కాన్పు గదిలోకి వస్తే ముందు తెర వైపు చూడదు. మంచం పక్కన నిలబడి తల్లి మణికట్టు పట్టుకుంటుంది. కళ్లు మూసుకుని మిషన్ చప్పుడు కాసేపు వింటుంది. ఆ తర్వాతే తెర. ఆమె లోపల దువా చదువుకుంటుందని కొందరు శిష్యులు అనుకునేవారు. మోకాళ్ల నొప్పికి ఆసరా పట్టుకుంటుందని ఇంకొందరు. "పాతకాలపు చెయ్యి, ఊరికే ఉండలేదు" అని పురంధర్ నవ్వేవాడు.

ఓబులమ్మ కాన్పు రోజున మేడమ్ ఊళ్లో లేదు.

నాలుగో రోజు ఉదయం ఆమె రాగానే పురంధర్ రిపోర్టు ముందు పెట్టాడు. ఓబులమ్మను ఆ పూటే ఇంటికి పంపుతున్నారు. రిపోర్టు చివరి వాక్యం ఇది: "బిడ్డ గుండె చివరివరకు సక్రమం. తల్లి సహకారం చాలలేదు."

మేడమ్ చదివింది. గ్రాఫ్ అడిగి తీసుకుని, బల్ల మీద చివరి అడుగున్నర మాత్రం చూసింది. సంతకం పెట్టలేదు.

"వేలి క్లిప్పులు యాడుండాయప్పా?"

"డ్రాయర్‌లో మేడమ్. ఊరికే అరుస్తాంటాయని..."

"సరే. కిందికి దిగి, మళ్లీ ఉరుక్కుంటా పైకి రా. రెండు సార్లు."

"ఎందుకు మేడమ్?"

"కాళ్లుండాయి కదా."

పురంధర్ దిగాడు, ఎక్కాడు. మళ్లీ దిగాడు, మళ్లీ ఎక్కాడు. మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లు ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకుని కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. అతను రొప్పుతూ కాన్పు గదిలోకి వచ్చేసరికి మేడమ్ ఖాళీగా ఉన్న ఆరో మంచం దగ్గర నిలబడి ఉంది.

"పండుకో."

పడుకున్నాడు. చొక్కా పైకెత్తమంది. ఎత్తాడు. కడుపు మీద చల్లటి జెల్లీ పూసింది. గుండె చప్పుడు పట్టే ప్రోబ్ తీసుకుని బొడ్డుకు కొంచెం పైన ఆనించి, అటూ ఇటూ వెతికి, ఒకచోట అదిమిపట్టి బెల్టు బిగించింది.

దబ్, దబ్, దబ్, దబ్. మిషన్ అందుకుంది.

తెర మీద ఆరో మంచం గడి వెలిగింది. బిడ్డ గుండె: నూట ముప్పై ఎనిమిది. ఆకుపచ్చ లైటు. కింద మిషన్ తన పని తాను చేసుకుంటూ గ్రాఫ్ గీసి బయటకు తోసింది. నిండుచూలాలి గ్రాఫ్‌లా ముచ్చటగా ఉంది.

పక్కనే ఉన్న కరుణమ్మ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది.

మేడమ్ నవ్వలేదు. పురంధర్ కుడిచేతి వేళ్లు తీసుకుని అతని ఎడమ మణికట్టు మీద పెట్టింది. తన చెయ్యి తీసేసింది.

మిషన్ దబ్ అన్నప్పుడల్లా అతని వేళ్ల కింద నాడి ఎగిరింది. ఒక్కటి కూడా తప్పలేదు. ఆయాసం తగ్గేకొద్దీ అంకె తగ్గింది. నూట ముప్పై. నూట ఇరవై రెండు. కరుణమ్మ కూడా ఇటు తిరిగింది. ఇప్పుడామె ముఖంలో నవ్వు లేదు.

పురంధర్ లేచి కూర్చుని, "ఆ గ్రాఫ్ ఇవ్వండి మేడమ్" అన్నాడు.

చివరి అడుగున్నర విప్పాడు. కింద నొప్పుల గీత, పైన గుండె గీత. నొప్పి వచ్చిన ప్రతిసారీ పైగీత ఎగిరింది. బిడ్డ హుషారుగా ఉందని ఆనాడు మురిసిపోయాడు. నొప్పి నొక్కినప్పుడు బిడ్డ గుండె నెమ్మదిస్తుంది గానీ ప్రతిసారీ ఇంత ఎత్తుకు ఎగరదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడే. ఎగిరేది ఊపిరి బిగబట్టి ముక్కే మనిషి గుండె. బిడ్డ గుండె ఏ నిమిషాన తప్పిపోయిందో, తల్లి గుండె ఏ నిమిషాన ఆ చోటికి వచ్చిందో కాగితం చెప్పదు. అతనికి భయం వేసింది, సిగ్గు వేసింది. అప్పటిదాకా వేయని దుఃఖం కూడా అప్పుడే వచ్చింది.

"రిపోర్టు..." అన్నాడు.

"పేరు తప్పు పడిందప్పా. దిద్దుకో" అంది మేడమ్.

పురంధర్ కడుపు మీది జెల్లీ కూడా తుడుచుకోకుండా కిందికి పరిగెత్తాడు.

వార్డులో అత్త సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఓబులమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. పురంధర్ ఆమె పక్కన దుప్పటి మీద గ్రాఫ్ పరిచాడు.

"అమ్మా, ఇది బిడ్డ గుండె అనుకున్నా. ఈ చివరంతా బిడ్డది కాదు, నీది. నేను కనుక్కోలేదు. కనుక్కొనుంటే ఆపరేషన్ చేసుందుము, బిడ్డ బతికుండునేమో. తప్పు నాది."

అతను అత్త వైపు తిరిగాడు.

"ఇదో చూడమ్మా. ఈడ నొప్పి వచ్చింది. ఈడ మీ కోడలి గుండె ఇంత ఎత్తుకు పోయింది. మళ్లా నొప్పి, మళ్లా ఇంత. బలమంతా పెట్టి ముక్కకపోతే ఇట్లా పోదు. నేను ఆ రోజు చెప్పింది అబద్ధం."

ఓబులమ్మ కాగితం మీదికి వంగింది. ఒక్కొక్క గుట్ట మీదా వేలు పెట్టి లెక్కపెట్టింది. ఇరవై ఏడు వచ్చాయి. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. మళ్లీ ఇరవై ఏడే.

"ఇన్ని తూర్లు ముక్కినానా సార్?"

"ముక్కినావు తల్లీ."

నాలుగు రోజులుగా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. అత్త భుజాన ఉన్న సంచి దించి కింద పెట్టింది. పురంధర్ ఓబులమ్మ మణికట్టు పట్టుకుని, తెర లేని ఆ గదిలో, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.