చల్లకాళ్ల ఉసిరమ్మ

గౌరంపేట మున్సిపల్ పార్కులో ఉత్తరపు గేటు పక్కనున్న ఉసిరిచెట్టును భక్తులు చల్లకాళ్ల ఉసిరమ్మ అని కొలుస్తారు. శరత్కాలం రాగానే కొమ్మకొమ్మకూ కాయలు గుత్తులుగా వేలాడతాయి. ఈ పేరు ఎలా వచ్చిందో ఎరిగినవారం ఇప్పుడు నలుగురమే మిగిలాము. కనుక ఉన్నదున్నట్టు ఇక్కడ రాసి ఉంచుతున్నాము.

పూర్వం ఇక్కడ, పార్కు వేసిన కొత్తలో, ఓబులేసు అనే తోటమాలి ఉండేవాడు. ఈ చెట్టు అతను నాటినదే. కార్తీకంలో పేట స్త్రీలు దీని చుట్టూ దీపాలు పెట్టేవారు. భక్తి పెరిగి, మొదలును ఒరుసుకుంటూ సిమెంటు అరుగు కట్టించారు. దీపాలు వందలయ్యాయి. నాలుగేళ్లకు కాపు ఆగింది, కొమ్మలు ఎండసాగాయి. అమ్మకు ఏదో లోటు జరిగిందని దీపాలు ఇంకా పెంచారు. ఉగాదికి చిగురు రాకపోతే చెట్టు కొట్టేస్తామని మున్సిపాలిటీ వారు చెప్పి వెళ్లారు.

దీపాలు దూరంగా పెట్టమని ఓబులేసు బతిమాలాడు. నీళ్లు పోయడం నీ పని, పూజ మా పని అని పూజలకు పెద్దయిన పంకజాక్షమ్మ కసిరింది. కార్తీక పౌర్ణమినాటి ఉదయం దీపాలు కొండెక్కాక అతను మళ్లీ వచ్చాడు.

"అమ్మా, ప్రమిదలు తీసిన చోట ఒక్క నిమిషం నిలబడండి."

"ఎందుకయ్యా?"

"చెట్టు పక్కకు జరగలేదు కదమ్మా. మీరైతే జరగగలరు."

ఆమె ఉత్త కాళ్లతో అరుగెక్కింది. అరికాళ్లు చురుక్కుమనగానే దిగిపోయింది.

మర్నాడు అందరినీ పిలిచి, అమ్మ కలలో కనిపించి తన పాదాలు చూపిందని, అవి బొబ్బలెక్కి ఉన్నాయని చెప్పింది. ఆ కల నిజంగా వచ్చిందా అని ఎవరూ అడగలేదు. గునపంతో మొదటి పోటు ఆమే వేసింది. అరుగు పగలగొట్టి, మట్టి గుల్లచేసి, అంతకుముందు మూలన తగలబెట్టే రాలుటాకులు తెచ్చి మొదట్లో పరిచారు. మాఘం గడిచినా చెట్టులో చలనం లేదు. ఓబులేసు నీళ్లు మాత్రం ఆపలేదు. ఉగాది ఇంకా మూడు రోజులుందనగా దక్షిణపు కొమ్మ మీద వడ్లగింజంత చిగురు కనిపించింది. గొడ్డళ్లతో వచ్చినవారికి పంకజాక్షమ్మ దాన్ని చూపించి, మజ్జిగ ఇచ్చి పంపింది.

నేటికీ కార్తీకంలో భక్తులు రాలిన ఆకులను కొంగులో పోగుచేసి తెచ్చి అమ్మ పాదాల దగ్గర పరుస్తారు, చెంబెడు నీళ్లు పోస్తారు. దీపాలను కొమ్మల అంచుకు ఆవల పెడతారు. ఇలా సేవించినవారి ఇల్లు చల్లగా ఉంటుందని నమ్మకం. చెట్టు విస్తరించిన కొద్దీ దీపాల వరుస వెనక్కి జరుగుతోంది. నిరుడు నడకబాట దాటింది. వచ్చే ఏటికి బెంచీలు జరపవలసి ఉంటుందని పార్కు వారికి ముందే చెప్పి ఉంచాము.